చప్పబావి నీళ్లు చూసిన మేడం

మేడం పోయారన్న కబురు నాకు హసన్‌పర్తి బస్సులో అందింది. వాళ్ల పక్కింటామె ఫోన్ చేసి, "పొద్దుగాల పానం పోయింది బిడ్డా. దవాఖాన నుంచి తీస్కొస్తాండ్లు, నువ్వు జర జల్ది రా" అంది. సరేనని పెట్టేశాను. పక్క సీటామె కండక్టర్‌కు చూపించాల్సిన ఆధార్ కార్డు కనబడక సంచంతా తిరగేస్తోంది. నేనూ వంగి సీటు కింద వెతికిపెట్టాను. ఏడుపు ఎప్పుడో తర్వాత వచ్చింది.

మీరు ఆవిడను ఎరిగి ఉండరు. మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆవిడ దగ్గర ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉన్నాం. మా మాటల్లో సగం సీసాలు కడగడం గురించే. "నీళ్లు అబద్ధమాడయి బిడ్డా. సీసా సక్కగ కడగకపోతే మనమే ఆడిపిస్తం" అనేవారు. కడిగిన సీసాను వాసన చూసి మళ్లీ నా చేతికే ఇచ్చేవారు. నాకు ఒళ్లు మండేది.

సముద్రం ఊసే లేని వరంగల్‌లో కూర్చుని మేము సముద్రపు ఒడ్డు నీళ్లు పరీక్షించేవాళ్లం అంటే నవ్వుతారేమో. మా కాలేజీకి మూడేళ్ల ప్రాజెక్టు ఒకటి వచ్చింది. తీరంలో చేపలు పట్టేవాళ్ల ఊరొకటి. అక్కడి బావుల్లోకి ఉప్పు ఎక్కుతోందా లేదా అని నెలనెలా చూడాలి. ఆ ఊరి నుంచి మా మార్కెట్‌కు ఎండుచేపలు తెచ్చి అమ్మే అక్క ఒకామె ఉంది. ఆమె గోనెసంచిలో చేపల మధ్య మా సీసాలు రైలెక్కి వచ్చేవి. ల్యాబ్ నిండా ఎండు మెత్తళ్ల వాసన. ప్రిన్సిపాల్ ముక్కు మూసుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. ఆ సౌకర్యం మేడంకు బాగా నచ్చింది.

మొదటి నెలలోనే నేనొక ఘనకార్యం చేశాను. ఒక సీసా మీద "చప్పబావి" అని రాసి ఉంది. మా ఇంట్లో కూర సప్పగా ఉందంటే ఎవరూ ముట్టరు. ఇదేదో పనికిరాని నీళ్లు, పొరపాటున పంపారనుకుని సింకులో పారబోశాను. సాయంత్రం మేడం ఫోన్ చేస్తే అక్క లబలబలాడింది.

"అదేంటండీ మేడంగారూ! ఊరంతా తాగేది ఆ చప్పబావి ఒక్కటేనండీ. మిగతాయన్నీ ఉప్పు కషాయమే!"

వాళ్లకు చప్ప అంటే ఉప్పు లేనిది. అంటే మంచినీళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది. "వచ్చే నెల అంకెనే దీనికీ ఏసేద్దాం మేడం, ఎవరికి ఎర్క?" అన్నాను. మేడం కసురుకోలేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేసి, పక్కన "పారబోశాం" అని రాశారు. పారబోసింది నేనొక్కదాన్నే.

మూడేళ్లూ అయ్యాయి. నీళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు కాబట్టి ఇక నిధులు ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. మేడం దాన్ని రెండుసార్లు చదివి, "ఏం మారలేదని తెల్వాలన్నా సూస్తనే ఉండాలె గద" అన్నారు. అంతే. సీసాలు మాత్రం రావడం ఆగలేదు. పరీక్షకు వాడే మందులు ఆవిడ జీతంలోంచి, రిటైరయ్యాక పింఛనులోంచి వచ్చేవి. ల్యాబ్‌లో ఒక మూల బల్ల మాకు వదిలేశారు. ఉప్పును పట్టించే ఆ మందు చుక్క పడితే చర్మం నల్లబడుతుంది. ఆవిడ వేళ్లు ఏడాది పొడుగునా వంకాయలు కోసినట్టు ఉండేవి.

నిధుల కోసం ఎక్కడెక్కడికో దరఖాస్తులు పెట్టేవారు. ప్రతి దాంట్లోనూ "ఈ పనిలో కొత్తదనం ఏమిటి?" అని ఒక గడి ఉంటుంది. మేడం అందులో "ఏమీ లేదు. నీళ్లు తాగడం పాత అలవాటే" అని రాసేవారు. "జర నాలుగు మంచి ముక్కలు రాయున్రి మేడం, మీ సొమ్మేం పోయింది?" అని నేను పోరేదాన్ని. "లేనిది ఎట్ల రాయాలె బిడ్డా?" అనేవారు. ఒక్కటీ మంజూరు కాలేదు. ఆవిడ మొండితనం మీద నాకింకా కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరూ తలా ఒక పిడికెడు మన్ను వేశారు. మా ముసల్మానుల ఇళ్లలో ఆడవాళ్లం కబరస్తాన్‌కు పోము. మా అబ్బాకు కూడా నేను మన్ను వేయలేదు. మా మగవాళ్లు మూడు పిడికిళ్లు వేస్తారని విన్నాను కాబట్టి మూడు వేశాను.

మేడం దవాఖానలో ఉన్న వారంలోనే అక్క వచ్చి కాలేజీ గేటు దగ్గర సీసాలు ఇచ్చి వెళ్లింది. మేడంకు జ్వరమని మాత్రమే ఆమెకు చెప్పాను. మట్టి అయిన మూడో రోజు ఆ సీసాలు ముందేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. చప్పబావి నీళ్లు ఎప్పుడూ రంగు మారే చోట మారలేదు. మందు చుక్క వెనక చుక్క పడుతూనే ఉంది. నీళ్లలో ఉప్పు ఎంత ఉంటే రంగు మారడానికి అన్ని చుక్కలు పడతాయి. గాజుసామానంతా కడిగి మళ్లీ చూశాను. మూడోసారీ చూశాను. ఉప్పు ఎక్కింది. దరఖాస్తులో ఆ గడి నింపడానికి ఇన్నాళ్లకు ఒక కొత్త మాట దొరికింది. "మేడం, ఇటు రాండ్రి" అని గట్టిగానే పిలిచాను. నా గొంతు విని నాకే భయమేసింది. ఇంత ఒంటరితనం నేను ఎరగను.

అక్కకు ఫోన్ చేశాను.

"చప్పబావికి ఉప్పొచ్చింది అక్కా. తాగొద్దు."

"మేడంగారు చూశారా తల్లీ? ఆవిడ చూశారంటేగానీ మావాళ్లు నమ్మరు."

అప్పుడు చెప్పాను, మేడం లేరని. ఒక ఫోన్‌లో రెండు కబుర్లు. అక్క ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, "మరి నువ్వు చూశావా? సరిగ్గా చూశావా?" అని అడిగింది.

"మూడుసార్లు చూసిన అక్కా."

మర్నాడు పొద్దున ఆమె ఒక ఫోటో పంపింది. బావి గిలక ఊడదీశారు. చేంతాడు ఇసుకలో పడి ఉంది, ఇంకా తడిగానే. ఆడవాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వరసగా నిలబడ్డారు. బావివైపు ఎవరూ చూడటం లేదు. అందరూ ఫోటోలోంచి నావైపే చూస్తున్నారు.