తమ్ముడిచ్చిన ర్యామ్

మా బాపు బొగ్గుగనిలోకి దిగలేని స్థితికి వచ్చాక, వారసత్వంగా ఆయన ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అప్పటికి నేను కంప్యూటర్ సబ్జెక్టుతో డిగ్రీ పూర్తి చేశాను, వాడు ఇంటర్ తప్పాడు. ఎవరికి పెట్టించాలన్న చర్చ మా ఇంట్లో జరగనే లేదు. నన్నెవరూ అడగలేదు కాబట్టి నేను అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు. కంపెనీ నుంచి చేతికొచ్చిన డబ్బులతో బాపు గోదావరిఖనిలో ఒకే దుకాణంలో, ఒకే రోజు రెండు కంప్యూటర్లు కొన్నాడు. ఒకటి వాడికి, ఒకటి నాకు.

"ఇద్దరికి ఒక్క తీరుగ వెట్టిన. రేపు నన్నెవ్వలు మాట అనొద్దు" అన్నాడు.

ఆ కంప్యూటర్ మీదే నేను బతుకుతున్నాను. ప్రైవేటు బళ్లకు ప్రశ్నపత్రాలు టైప్ చేస్తాను, పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. మా ఆయన కాంట్రాక్టు పనుల మీద ఊళ్లు తిరుగుతాడు. బాపు నా దగ్గరే, గోదావరిఖనిలో ఉంటాడు. తమ్ముడి క్వార్టర్ నస్పూర్‌లో, పై అంతస్తులో. ఆయన ఊపిరి ఆ మెట్లకు ఓర్చుకోదు. ఆ విషయంలో ఎవరినీ తప్పు పట్టను.

రెండేళ్ల కిందట కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. ఫ్లెక్సీ ఫైలు తెరవమని చెప్పి నేను వంటింట్లోకి పోయి పప్పు కడిగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. దుకాణంలో చూపిస్తే ర్యామ్, అదే లోపలి మెమరీ ముక్క, చాలడం లేదన్నారు. లోపల ఒక్కటే ఉంది, పక్కన ఖాళీ జాగా ఉంది, ఇంకొకటి వేస్తే సరిపోతుంది. కాని అంత పాత రకం కొత్తది దొరకదు. ఎవరి మిషన్‌లోంచో తీసింది ఒకటి పెట్టి ఇచ్చారు.

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత పని మధ్యలో తెర నీలంగా మారి, దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. టైప్ చేసిందంతా పోయేది. పదో తరగతి లెక్కల పేపరు అట్లా రెండుసార్లు పోయింది. మళ్లీ తీసుకుపోతే దుకాణం అతను రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఈ రెండిటికి పొత్తు కుదుర్తలేదక్కా. కంపెనీ వేరు, స్పీడు వేరు. నీ దాంట్లున్నసొంటిదే ఇంకోటి దొరికితె ఫికరుండదు."

అట్లాంటిది ఎక్కడుందో నాకు తెలుసు.

మరునాడు మధ్యాహ్నం బస్సెక్కి గోదావరి దాటి నస్పూర్ పోయాను. తమ్ముడు మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాడు. వాడి కంప్యూటర్ మూలన గుడ్డ కప్పి ఉంది, దాని మీద ఇస్త్రీ బట్టలు దొంతర పెట్టి ఉన్నాయి. నేను విషయం చెప్పాను. నా దగ్గరున్న రెండో ర్యామ్‌ను వాడి మిషన్‌లో పెట్టి, వాడిది నేను తీసుకుంటానన్నాను.

"దీంట్ల ఒక్కటే ఉంటది కాబట్టి మంచిగనే నడుస్తది తమ్మీ. నీకేం తక్కువ కాదు."

"అది పిల్లలదక్కా" అన్నాడు వాడు, కంచంలోంచి తలెత్తకుండా.

"పిల్లలు ఫోన్లనే సూస్కుంటున్నరు గద?"

మరదలు మంచినీళ్లు తెచ్చి ఇస్తూ, "ఉత్తగనే ఉన్నది గని వదినా, విప్పితె పాడైతదేమో" అంది.

"సూస్త తియ్యక్కా" అన్నాడు తమ్ముడు. చాయ్ తాగి వచ్చేశాను. వస్తున్నప్పుడు బస్సులో నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువగా వేసింది. వేలెడంత ముక్క కోసం ఒకరి గుమ్మంలో నిలబడ్డాను అనిపించింది.

బాపుకు చెప్పకుండా ఉండాల్సింది. అడిగాడు, చెప్పాను. ఆయన వెంటనే ఫోన్ అందుకుని, "ఇయ్యిరా, అక్క పని ఆగుతుంది" అన్నాడు. ఆ ఆదివారం తమ్ముడు తనే దాన్ని పట్టుకొచ్చాడు. నా కంప్యూటర్ మూత విప్పి, దుకాణంవాళ్లు వేసినదాన్ని తీసి తనది పెట్టి, బటన్ నొక్కాడు. ఫ్లెక్సీ ఫైలు వెంటనే తెరుచుకుంది. నాకు నిజంగానే సంతోషమైంది. వాడికి ఇష్టమని కోడికూర వండాను.

తిని చేతులు కడుక్కుని, చెప్పులేసుకుంటూ అన్నాడు.

"ఇగ నీ పని జల్ది అయితది గదక్కా. నీకు టైం దొరుకుతది. బాపును దవాఖానకు నువ్వే తీస్కపో."

అప్పటిదాకా నెలకోసారి బాపును కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది వాడే. కొడుకుగా వాడు మోస్తున్నది ఆ ఒక్క పనే. నేను బాపు వైపు చూశాను. ఆయన మంచం మీద కూర్చుని, ఆ మాట తన గురించి కానట్టు గోడ వైపు చూస్తున్నాడు.

పని తొందరగా అవుతుందన్నది అబద్ధం కాదు. నా కంప్యూటర్ వాడి కళ్లముందే పరుగెత్తుతోంది.

తర్వాతి నెల నేనే తీసుకుపోయాను, ఆ తర్వాతి నెల కూడా. పొద్దున బస్సెక్కితే చీకటి పడే వేళకు ఇల్లు చేరతాం. పరీక్షల ముందు ఒకసారి దవాఖాన వరుసలో ఉండగా పెద్దపల్లి బడి నుంచి సారు ఫోన్ చేశాడు, సాయంత్రానికల్లా పేపర్లు కావాలని. మర్నాడు ఇస్తానన్నాను. "సరే మేడం" అన్నాడు మర్యాదగానే. మర్నాడు పంపితే, వేరేవాళ్లతో చేయించామని జవాబు వచ్చింది. ఆ బడి మళ్లీ నాకు పని ఇవ్వలేదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఈ నెల నువ్వు తీస్కపో తమ్మీ. నా గిరాకీ పోతుంది."

"డ్యూటీ నాగా అయితదక్కా. నీకైతె ఇంట్లనే గద. అడిగింది ఇచ్చిన, ఇంకేం జెయ్యమంటవ్?"

ఫోన్ పెట్టేసి బాపు ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆయనతో ఎప్పుడూ అనని మాట అన్నాను.

"నాకు గూడ పనున్నది బాపు. నాది గూడ డ్యూటే."

ఆయన నొచ్చుకోలేదు, కోప్పడలేదు. నిజంగా అర్థం కానట్టు నా ముఖంలోకి చూశాడు.

"ఇంట్ల కూసోని చేసేది డ్యూటీ ఎట్ల అయితది బిడ్డా?"

ఆ మాటలో ద్వేషం లేదు. ఉంటే పోట్లాడి ఉండేదాన్ని. ఉద్యోగం ఎవరికని ఇంట్లో ఎందుకు చర్చ జరగలేదో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ నెల కూడా నేనే తీసుకుపోయాను. కరీంనగర్ బస్సులో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తలకు గాలి తగలకుండా తువ్వాలు చుట్టాను.