అడిగి ఊరుకునే మేడం

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయాక ఇంట్లోకి మెల్లగా నిశ్శబ్దం దిగింది. మొదట ఏమీ వినిపించదు. కాసేపు కదలకుండా కూర్చుంటే పక్క సందులో ఎవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు, కడవ కింది ఇసుకలో నీటిచుక్క పడే చప్పుడు, దూలం మీద పిచ్చుక కాళ్లు మార్చుకునే చప్పుడు ఒక్కొక్కటే వచ్చి పక్కన కూర్చుంటాయి. ఇలా వినడం నాకు నేర్పింది వసుంధర మేడం. ఆమె చనిపోయి ఏడాది దాటింది. అయినా కరెంటు పోయినప్పుడల్లా ఆమె గడప బయట చెప్పులు విడిచి లోపలికి వస్తున్నట్టే ఉంటుంది నాకు.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు మీద ఊరిపేరు కూడబలుక్కుంటాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే నా బిడ్డ స్రవంతి రాస్తోంది. మేడం నాకు పాఠం చెప్పిన మేడం కాదు, నా బిడ్డకు చెప్పిన మేడం. కానీ ఆ పాఠంలో సగం నాకే వచ్చిందేమో అనిపిస్తుంది.

మాది నారాయణపేట. మగ్గం ఇల్లు. మగ్గం ఇళ్లలో గొంతులు మొరటుగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఏ మాటైనా చప్పుడు మీదుగా దాటి పోవాలి. నా భర్త మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే నేను ఎదురుగా రాట్నం మీద దారం కండెలు చుట్టేదాన్ని. కండెను మోసుకుని నాడె పడుగులో అటూ ఇటూ పరుగులు పెడుతుంటే ఆ టకటకల మీదుగా పొద్దంతా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పలేను. చారులో పులుపు, చీర అంచులో ఎరుపు, ఎదురింటి కోడి, వస్తుందో రాదో తెలియని వాన. ఆయన గుండె ఆగి చనిపోయాక మగ్గమూ ఆగింది. ఆ తర్వాత ఒకరోజు "బిడ్డా" అని పిలిస్తే నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఇంటికి ఆ గొంతు ఎక్కువైపోయింది. అలా కొంచెం కొంచెంగా మాట్లాడటం మానేశాను.

ఎవరేం అడిగినా ఆయన అన్న, మా నర్సింహులు బావ, నా బదులు చెప్పేవాడు. "మా మరదలు మాట్లాడదు, నన్నడుగుండ్రి" అనేవాడు. చెడ్డవాడు కాదు. మా బరువు తనమీద వేసుకున్న మనిషి. నాకు కూడా అదే సుఖంగా ఉండేది. నీళ్లలో మునిగి ఉంటే పైన ఎవరో మాట్లాడుకుంటున్నట్టు, ఆ మాటలతో నాకేం పనిలేనట్టు.

అప్పుడే స్రవంతి మహబూబ్‌నగర్‌లో డిగ్రీకి చేరింది. మాస్ కమ్యూనికేషన్ అని చెప్పింది. బావ అరుగు మీద కూర్చుని ఆ పేరు పలకడానికి ప్రయత్నించి, విడిచిపెట్టి, "ఏందే, మాట్లాడుడు నేర్సుకోనీకె కాలేజీకి పోవాల్నా? మనింట్ల మూగోల్లు ఎవలున్నరే?" అన్నాడు.

"మాట్లాడుడొక్కటే గాదు పెద్దబాపూ, ఇనుడు గూడ నేర్పుతరు."

"ఇనుడా? మరి గిన్నొద్దులు నీ చెవులు కమ్మలు పెట్టుకోనీకేనా?"

అందరూ నవ్వారు. స్రవంతీ నవ్వింది. నాకూ పెదవి కదిలినట్టే గుర్తు.

మొదటివారంలోనే ఆ పిల్ల ఇంటికి ఒక ముచ్చట తెచ్చింది. మైకు ముందు నిలబడి అందరూ పేరు చెప్పాలట. దీని వంతు రాగానే గొంతును కొలిచే యంత్రంలో ముల్లు ఎర్రగీత దాటి దుమికిందట. పిల్లలు గొల్లున నవ్వారట. మేడం మాత్రం నవ్వకుండా, "మీ ఇంట్ల ఏం చప్పుడుంటది బిడ్డా?" అని అడిగిందట. "మగ్గం మేడం" అని ఇది చెప్పిందట. "అట్లనా! అయితే గొంతు తగ్గియ్యకు. మైకే జర ఎనుకకు జరుగుతది" అన్నదట ఆమె. ఆ మాట విన్న రోజు, పక్కిళ్ల మగ్గాలకు కూలికి కండెలు చుడుతూ చుడుతూ చాలాసేపు దాన్నే తలచుకున్నాను. గొంతుకు చోటిచ్చి మైకు వెనక్కు జరగడం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను.

ఇంకోరోజు స్రవంతి ఫోను నా ముందు పెట్టి, కాలేజీ పని అని చెప్పి, "అమ్మా, నీకేం ఇష్టం?" అని అడిగింది.

"నాకేముంటది? ఏం లేదు" అన్నాను.

అది ఇంకేమీ అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? నా మొకం మీద సిన్మా ఆడుతాందా?"

"మేడం చెప్పిందమ్మా. అడిగినంక ఊకోవాలె అంట. మొదటి జవాబు ఎదుటోల్ల కోసం చెప్తరంట. జర ఆగితే అసలుది వస్తదంట."

"పొయ్యి మీద పప్పు మాడుతాంది" అని లేచిపోయాను. అప్పటికి పొయ్యి ముట్టించనేలేదు.

చలికాలం వచ్చేసరికి బావ మనసు మారింది. బజారులో చీరల దుకాణంలో పిల్లను పనికి కూర్చోబెట్టే మాట కుదుర్చుకుని వచ్చాడు. "సోమారం పొయ్యి సర్టిఫికెట్లు తెస్త. ఆడపిల్ల, రోజూ బస్సులల్ల తిరుగుడు ఎందుకు? కండ్ల ముందుంటది" అన్నాడు. స్రవంతి ఏడవలేదు. నా వైపు చూసింది. నేను దారం వైపు చూశాను.

ఆ ఆదివారమే మేడం మా ఇంటికి వచ్చింది. సన్నని మనిషి, సగం నెరిసిన జుట్టు, భుజాన సంచి, వెంట ఇద్దరు ఆడపిల్లలు. మగ్గం చప్పుడు రికార్డు చేసుకోవడానికి వచ్చామని చెప్పింది. బావ ఆశ్చర్యపోయి, "మగ్గం ఆడక ఏడాదాయె మేడం. మా తమ్ముడు పోయిండు గద. పిల్ల చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు. ఇంట్లో ఏం చప్పుడుంటుందని అడిగినప్పుడు, "ఒకప్పుడు ఉండేది" అనడానికి దానికి నోరు రాలేదు.

మేడం స్రవంతి తల నిమిరింది. దుమ్ము పట్టిన మగ్గం పక్కన నేల మీదే కూర్చుని సంచిలోంచి యంత్రం తీసింది. "ఆడని మగ్గాన్నే రికార్డు చేస్తం. జరసేపు ఎవ్వరు మాట్లాడొద్దు" అంది.

"సప్పుడు లేనిది గూడ పడతరా? మస్తున్నది ఈ సదువు" అని బావ గొణిగాడు గానీ అతనూ ఊరుకున్నాడు. యంత్రం మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. మేము అందరం ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాం. ఎండ కిటికీలోంచి వచ్చి నా భర్త కూర్చుని నేసిన పలక మీద పడింది.

కాసేపటికి బావే గొంతు సవరించుకున్నాడు. "మీరొచ్చుడు మంచిదాయె మేడం. పిల్లను మాన్పిస్తున్నం."

మేడం అతనితో వాదించలేదు. నా వైపు తిరిగి, "నువ్వేమంటవక్కా?" అంది.

"మా మరదలు మాట్లాడదు మేడం. నా మాటనే ఆమె మాట."

మేడం అటు తిరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నా వైపే చూస్తోంది, కానీ ఆ చూపులో తొందర లేదు. నీళ్ల బిందె నిండేదాకా నల్లా దగ్గర నిలబడ్డ మనిషిలా ఉంది. నాకు భయమేసింది. బావ ఇంకో మాట అంటే బాగుండును, ఎవరైనా దగ్గితే బాగుండును అనుకున్నాను. ఎవరూ దగ్గలేదు. ఆ నిశ్శబ్దం పెరిగి పెరిగి ఒక రోజంత పొడుగైంది. అందులో కడవ కింద చుక్క పడటం వినిపించింది. పిచ్చుక వినిపించింది. ఎక్కడో నాడె పరుగు వినిపించింది, పక్కింటిదో ఆయనదో తెలియలేదు. ఆ చప్పుడు మీదుగా దాటించాలన్నట్టు నా గొంతు దానంతటదే లేచింది.

"పిల్ల సదువుతది" అన్నాను. అన్నది నేనేనని ముందు తెలియలేదు. "దాని బాపు ఉన్నా గదే అంటుండె. నేను కండెలు సుట్టి పంపిస్త. అది సదువుతది బావా."

పిచ్చుక ఎగిరిపోయింది. స్రవంతి ఏడ్చింది అప్పుడు. బావ చాలాసేపు మగ్గం వైపు చూశాడు. తర్వాత లేచి కండువా దులుపుకున్నాడు.

"అమ్మో, మా మరదలికి గొంతున్నదన్న సంగతే మర్సిన" అన్నాడు. "చాయ్ తాగిపోండ్రి మేడం. పాలు నేను తెస్త." సోమవారం అతను మహబూబ్‌నగర్ పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు.

పాలు వచ్చేలోగా మేడం నా చెవులకు యంత్రం తాలూకు పెద్ద డొప్పలు తగిలించి అదంతా వినిపించింది. మా ఇంటి నిశ్శబ్దం అంత నిండుగా ఉంటుందని నాకు తెలియదు. దాని చివర గరగరలాడుతూ ఒక ఆడమనిషి మాట్లాడింది. "గింత మోటుగుంటదా నా గొంతు?" అన్నాను. చెవులు మూసి ఉన్నాయి కదా, వీధి చివరిదాకా వినిపించేలా అరిచానట. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. మేడం ఒక చెవి మీది డొప్ప తీసి, "మోటు గాదక్కా. గంజి పెట్టిన కొత్త చీరె. కట్టంగ కట్టంగ మెత్తవడ్తది" అంది.

ఆ తర్వాత ఆమె అప్పుడప్పుడూ వచ్చేది, రికార్డు చేయడానికి కాదు, ఊరికే. మగ్గం పక్కన కూర్చుని చాయ్ తాగేది. తనది నకిరేకల్ దగ్గర పల్లె అని చెప్పేది. ఒకసారి నేనే అడిగాను, "ఇంట్ల ఎవరుంటరు మేడం?" అని.

"అందరున్నరక్కా" అంది నవ్వుతూ.

నేను చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను.

నేనేం చేస్తున్నానో ఆమెకు అర్థమైంది. నవ్వు కాసేపు పెదవుల మీదే ఉండి తర్వాత దిగిపోయింది. "ఎవ్వరు లేరక్కా" అంది. "పొద్దుమూకంగనె రేడియో పెట్టుకుంట. ఏం చెప్తరో ఇనను. ఇంట్ల ఒక మాట ఉండాలని." అందరికీ నిశ్శబ్దాన్ని వినిపించిన మనిషి, తన ఇంటి నిశ్శబ్దం ముందు మాత్రం రేడియో పెట్టుకునేది. నేనేమీ ఓదార్చలేదు. ఇంకో గ్లాసు చాయ్ పోశాను. ఆ రోజు ఆమె ఆఖరి బస్సుదాకా ఉంది. ఎన్ని మాట్లాడుకున్నామో! చారులో పులుపు, ఎదురింటి కోడి, వస్తుందో రాదో తెలియని వాన.

ఇప్పుడు నా దగ్గరికి చుట్టుపక్కల ఆడవాళ్లు వస్తారు. ఏమైందని అడుగుతాను. ఏం లేదంటారు. నేను కండె చుడుతూ ఊరుకుంటాను. అంతే చేస్తాను. కండె నిండేలోగా అసలు మాట వస్తుంది.

"అయిపోయింది, ఇగ చాలు" అన్నాను స్రవంతితో.

అది కలం కింద పెట్టింది. కరెంటు ఇంకా రాలేదు.

"అమ్మా, అప్పుడడిగితే పప్పు మాడుతాందని లేసిపోయినవ్. నీకేం ఇష్టం?"

"ఏం లేదే" అన్నాను.

అది చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ కూర్చోవడం ఎవరిదో నాకు తెలుసు. కడవ కింద చుక్క పడింది. పక్క సందులో మగ్గం ఆడుతూనే ఉంది. ఈసారి నేను పొయ్యి దగ్గరికి పోలేదు.

"మాట్లాడుడు" అన్నాను, ఆ మగ్గం మీదుగా వినిపించేలా. "నాకు మాట్లాడుడంటే ఇష్టం. రాసుకో."