ముందు ఎక్కే మనిషి

మా మేనకోడలు ద్వారకా నగర్‌లో కోచింగుకు వెళ్తోంది. మొన్న ఇంటర్వ్యూ కోసమని గొప్ప నాయకుడికి ఉండాల్సిన లక్షణాలు బట్టీ పడుతుంటే విన్నాను. పన్నెండట. ఏడో తరగతి సగంలోనే బడికి దండం పెట్టినవాణ్ని, అన్ని నాకెక్కడ గుర్తుంటాయి? నేను చూసిన నాయకుడు ఒక్కడే, మా మేస్త్రీ. ఆయన్ని ఇంటర్వ్యూకి పిలిస్తే చెప్పులు బయట విప్పి, గుమ్మంలోనే నిలబడిపోయేవాడు.

నాలుగేళ్ళ కిందట పోర్టు దగ్గర ఒక గోదాము కడుతుంటే మేం ఎనిమిది మందిమి పరంజా కట్టేవాళ్ళం. ఇనుప గొట్టాలు నిలబెట్టి, క్లాంపులు బిగించి, పైన పలకలు పరిస్తే వెల్డర్లు ఎక్కి పని చేసుకుంటారు. మా గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. క్లాంపు బిగించినవాడు ‘టైట్’ అని కేకెయ్యాలి. అన్నీ అయ్యాక మొదట మేస్త్రీ ఎక్కి, ప్రతి పలకా తొక్కి చూడాలి. ఆ తర్వాతే వెల్డర్లు. కొత్తల్లుడిలా అన్నిటికీ ముందు మీరేనా అని నేను ఏడిపించేవాణ్ని. ఆయన నవ్వేవాడూ కాదు, కోప్పడేవాడూ కాదు.

ఆ రోజు పైన కూర్చుని క్లాంపు బిగిస్తూ, మా బావమరిది పెళ్ళిచూపుల్లో ఉప్మా కోసం మూడోసారి ప్లేటు చాపిన కథ చెబుతున్నాను. అందరూ నవ్వుతున్నారు. ఎదుటివాళ్ళు నవ్వితే నా చెయ్యి ఆగుతుంది గానీ నోరు ఆగదు. నట్టు సగమే తిరిగింది. ‘టైట్’ అని కేక మాత్రం పూర్తిగా వేశాను.

మేమంతా దిగాక మేస్త్రీ ఎక్కాడు. మూడో పలక మీద కాలు పెట్టగానే కింద గొట్టం జారి, పలక ఒక పక్కకు ఒరిగిపోయింది. బెల్టు ఉంది కాబట్టి వేలాడి, మెల్లగా దిగొచ్చాడు. మోచేయి గీరుకుపోయింది.

అలాంటి తప్పుకి గేటు పాసు లాక్కుని ఇంటికి పంపేస్తారు. ఇంట్లో మా ఆవిడకి ఏడో నెల. ఎవడు బిగించాడని అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు. మోచేయి కడుక్కుని, గుడ్డ చుట్టుకుని, స్పానరు మా మధ్యలో నేల మీద పెట్టి టీ తాగి రమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. నావైపు చూడకుండా ఉండడానికి ఆరుగురూ నానా తంటాలు పడుతున్నారు. అంత మర్యాద నాకు మా అత్తారింట్లో కూడా జరగలేదు.

“నానే, మేస్త్రీ. బిగించకుండానే కేకేసినాను,” అన్నాను.

“నాకు తెల్సు. ఉప్మా కాడే నీ సెయ్యాగిపోనాది,” అన్నాడు. “తియ్ స్పానరు. ఇయాల ముందు నువ్వెక్కు.”

ఎక్కాను. ప్రతి క్లాంపూ మళ్ళీ తిప్పి చూశాను. ఒక్క జోకూ రాలేదు. కిందికి చూస్తే ఆయన సరిగ్గా నా కిందే నిలబడి ఉన్నాడు. సూపర్‌వైజరు వచ్చి పక్కకు జరగమంటే హెల్మెట్ సర్దుకున్నాడు గానీ జరగలేదు.

“ఆడు బిగిత్తన్నాడు కదండీ,” అన్నాడు.

ఆ మాట విన్నాక ఆ నట్లని ఇంకోసారి బిగించాను. పలకలన్నీ తొక్కాను, కావాలని గెంతాను కూడా. ఇక రావచ్చని పైనుంచి కేకేశాను. వెల్డర్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే, గుడ్డ చుట్టిన చేత్తో గొట్టం పట్టుకుని మేస్త్రీ ఎక్కడం మొదలుపెట్టాడు.