పోపుల పెట్టెలో బంగారు పురుగులు

ఆ కాలంలో మన్యానికి బదిలీ అయిందంటే మైదానంలోని చుట్టాలు ముందు జాలిపడేవారు, తర్వాత జ్వరం మాత్రలు చేతిలో పెట్టేవారు. అడవి శాఖలో గుమాస్తాగా మా నాన్నని అరకు లోయకి వేసినప్పుడు మాకూ ఆ రెండూ అందాయి. కానీ అక్కడ చిలగడదుంప పాదుల్లో బంగారం పాకుతూ ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకప్పుడు పదమూడో ఏడు. కొత్తవాళ్ళెదుట నోరు పెగిలేది కాదు. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, ధాన్యం గాదె వెనక్కి చేరేదాన్ని. పురుగులతో ఆ ఇబ్బంది లేదు, అవి పలకరించవు. పెరట్లో ఆకు తిప్పితే చిటికెన వేలి గోరంతైనా లేని పురుగు, తాబేలులా డొప్ప కింద తల దాచుకుని కనిపించేది. డొప్ప నడుమంతా మేలిమి బంగారం, చుట్టూ అభ్రకంలా అవతలిది కనిపించే అంచు. చెయ్యి తగిలితే ఆ బంగారం కాసేపు మసకబారేది. ఆ తల దాచుకోవడం చూసి, ఇది మనకి దగ్గర చుట్టమే అనుకునేదాన్ని.

ఒకసారి వాటిలో ఒకటి చచ్చిపోయి, సాయంత్రానికల్లా బంగారమంతా పోయి చింతపిక్కలా మిగిలింది. నాయనమ్మకి చూపించాను. "తీసేసుంటారే! పీనుగ మీద బంగారం ఎవులుంచుతారు?" అంది, తడుముకోకుండా. (రెండు రోజులు చీమలని అనుమానంగా చూశాను.)

ఆ చలికాలంలో అడవి శాఖ బంగళాలో ఒక దొరసాని దిగింది. ఆకులు తినే డొప్ప పురుగులని ఏరడమే ఆవిడ పని. ఆవిడ దగ్గర అరలు అరలుగా ఉన్న నల్లటి చెక్క పెట్టె ఉందనీ, ఆ అరల్లో లోకంలోని పురుగులన్నీ వరసగా ఉన్నాయనీ నాన్న చెప్పినప్పటినుంచీ నాకు అన్నం సయించలేదు. ఏ ధైర్యంతోనో నాన్న ఆవిడతో, "మా గుంట కూడా ఈటిని జాతులుగా ఏరుతాది దొరసానిగారూ" అనేశాడట. ఆవిడ తెలుగు ఎవరో పండితుడి దగ్గర నేర్చుకుంది, మాట్లాడితే పురాణం విన్నట్టుండేది. "రేపు ఉదయమున తీసికొని రమ్మనుము. జాతులు సరిగా ఏరినచో నా పెట్టె చూపెదను. పిమ్మట నేను కొండ దిగిపోయెదను."

ఆ సాయంత్రం పాదులన్నీ గాలించాను. విడివిడిగా గదులున్నదీ, గట్టి మూత ఉన్నదీ మా ఇంట్లో ఒక్కటే: పోపుల పెట్టె. సరుకంతా చేటలో ఒంపేశాను. బంగారు రంగువి మెంతుల గదిలోకి, రాగి రంగువి మిరపకాయల గదిలోకి, పాలిపోయినవి జీలకర్ర గదిలోకి వెళ్ళాయి. నల్ల మచ్చలున్నవన్నీ మురికివని ఆవాల గదిలో కుక్కాను. నాయనమ్మ గుండెలు బాదుకుంది. "ఏటి సేత్తన్నావే గుంటా! రేపు సారులో ఈటినేనా ఏయించీది?"

తెల్లారి నాన్న "బేగి రా, బేగి రా" అంటూ ముందు నడిచాడు, పెట్టె పట్టుకుని నేను వెనక పరిగెత్తాను. బంగళా వరండాలో డోలీ బోయీలు అప్పటికే సామాను కడుతున్నారు. నాన్న మూత తీశాడు. ఏ గదిలోనూ బంగారం లేదు! బంగారువీ రాగివీ అన్నీ ఒకే ఇటుక రంగు.

"ఇదేటే?" అన్నాడు నాన్న. బోయీలు నవ్వారు. ఆయన ముఖం కందిపోయింది. "సిత్తం దొరసానిగారూ, సిన్నపిల్ల. ఎల్లిపోదాం పదే" అంటూ మూత వెయ్యబోయాడు. ఆ మూత పడితే నల్ల పెట్టె నేను చూడకుండానే కొండ దిగిపోతుంది. ఎక్కడినుంచి వచ్చిందో గొంతు, నాదేనా అనిపించేంత గట్టిగా వచ్చింది. "బెదిరిపోయాయి నాన్నా! ఊరుకుంటే బంగారం మళ్ళీ వస్తాది."

దొరసాని వేలు పెదవులమీద పెట్టి నేలమీద చతికిలబడింది. నాన్నా కూర్చున్నాడు, బోయీలూ కూర్చున్నారు. మా ఇంటి పోపుల పెట్టె చుట్టూ అంతమంది, దేవుడి ముందు కూర్చున్నట్టు, ఊపిరి బిగబట్టారు. కాసేపటికి మెంతుల గదిలో ఒక డొప్ప అంచున చిన్న మెరుపు పుట్టింది. నీళ్ళలో పసుపు కరిగినట్టు వీపంతా పాకింది. తర్వాత ఇంకొకటి. మిరపకాయల గదిలోవి కూడా బంగారమే అయిపోయాయి!

"ఇవియన్నియు ఒకే జాతి" అంది దొరసాని మెల్లగా. "ఇది బెదరినది. ఈ పాలిపోయినది నిన్నమొన్న రెక్కలు వచ్చిన పసిది." నా జాతులన్నీ ఒక్క పురుగు భయమూ, వయసూనట. తర్వాత ఆవాల గదిమీద భూతద్దం పట్టి ఆవిడ ఉలిక్కిపడింది. నేను మురికివని కుక్కినవాటిలో ఒకదాని అంచుమీద కొమ్ముల్లాంటి నల్ల గీతలు, ఇంకొకదాని వీపంతా మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు, మరొకదాని వీపున తేనెపట్టులా గుంటలు. అవే వేరువేరు జాతులు!

పందెం ఓడిపోయానని తెలిసింది. తల డొప్పలోకి పోయింది. అప్పుడే చెక్క జరిగిన చప్పుడు వినిపించింది. దొరసాని ఒక అర లాగి నా ముందు పెట్టింది. సూదులకి గుచ్చిన వరసలు, అన్నీ గోధుమరంగే. ముందు ఏడుపొచ్చింది. భూతద్దం పెట్టాక ఏడుపు మరిచిపోయాను. ఒకే డొప్ప, ఒకే తాబేలు పోలిక. అయినా ఒకదాని అంచు ఇంకొకదానికి లేదు, ఒకదాని మచ్చ ఇంకొకదానికి రాలేదు. బంగారం పోయాక కూడా ఎవరి ముఖం వాళ్ళకుంది! ఇంత చిన్నవాటిని ఒక్కొక్కటీ వేరుగా చెక్కే తీరిక ఎవరికి ఉందో అనిపించి ఒళ్ళు జలదరించింది.

"ఇవన్నీ ఒకే ఇంటిపేరు వాళ్ళా?" అన్నాను. (ఒకే పూట రెండో మాట!)

దొరసాని పగలబడి నవ్వింది. "అట్లే! ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. మా దేశమున మనుష్యులకు ఇది తలక్రిందులు. పురుగులకు శాస్త్రమున పేరు పెట్టునపుడు మాత్రము మీ పద్ధతియే!"

ఇంతలో బోయీలు "ఎండెక్కిపోతంది తల్లీ" అని నల్ల పెట్టె ఎత్తేశారు.

ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ పోపుల పెట్టెని చింతపండుతో తోముతూ అంతా వింది. "అందరిదీ ఒకే ఇంటిపేరైతే మరి ఆలకి పిల్లనెవులిత్తారే?" అంది. ఆ మాట దొరసానినే అడుగుదామని ఘాటు రోడ్డు వరకూ పరిగెత్తాను. డోలీ కనిపించలేదు.

ఆ గుంటని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క అర చూసి లోకమంతా చూసేశాననుకుంది, కింద ఇంకా ఎన్ని అరలున్నాయో అడగాలని కూడా తోచలేదు. ఆ అరలు తెరుచుకునే కలలు నాకు ఇప్పటికీ వస్తుంటాయి. కలలో నేను అస్సలు సిగ్గుపడను.