మా నూతిలో ఈత మావ

ఈత మావ పోయాడని పోయిన నెల కవిటి పక్క మా ఊరి నుంచి టెక్కలిలో ఉంటున్న నాకు ఫోనొచ్చింది. పాలు పొంగిపోతున్నా స్టవ్ కట్టెయ్యాలని తోచలేదు. ఆయన నాకు వరసకు మావేమీ కాడు. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబంలో పుట్టి, మా కొబ్బరితోటల మధ్య ఇల్లు కట్టుకున్న మనిషి. ఈత నేర్పాడు కనక ఊరి పిల్లలందరికీ మావే.

అంతకుముందు మా ఊళ్లో ఆడపిల్ల నూతిలో ఉందంటే జారిపడిందనే అర్థం. నా చిన్నప్పుడు పెద్ద తుఫాను వచ్చి వెళ్లిన ఏడాది మావ మా అరుగు మీద కూర్చుని, "ఆడగుంటలకీ నేర్పుతానమ్మా, పంపండి" అన్నాడు.

"ఆడపిల్లలకి ఈతెందుకు నాయనా?" అంది నానమ్మ.

"ఎందుకేటమ్మా! సరదాకి."

మర్నాడు నానమ్మే నా జడ బిగించి అల్లి, మెట్లున్న మా పెద్ద నూతికి పంపింది.

నడుముకి కట్టుకోవడానికి రెండు కొబ్బరికాయలు తెమ్మన్నాడు. అమ్మ ప్రేమకొద్దీ తోటంతా వెతికి, బాగా బరువైనవి ఏరి ఇచ్చింది. మావ వాటిని చెవి దగ్గర ఊపి పడీ పడీ నవ్వాడు. "ఓలమ్మో, ఇవి కట్టుకుంతే తిన్నగా నూతి అడుక్కే! పచ్చడి సేసుకోమను." నీరింకిన ఎండుకాయలు తనే తెచ్చి పీచుతాడుతో కట్టాడు.

వెల్లకిలా పడుకోబెట్టి వీపు కింద అరచెయ్యి ఆనించేవాడు. "మావా, సెయ్యి తియ్యకు!" అని నా ఏడుపు.

"ఎప్పుడో ఒగ్గీసినాను గదే! ఉందనుకో, సాలు."

చూస్తే ఆయన మెట్ల మీద కూర్చుని తల తుడుచుకుంటూ ఉండేవాడు.

కొన్నాళ్లకి ఆదివారం సాయంత్రమైతే మా ఊరు ఊరంతా నూతి దగ్గరే. జీడిపిక్కల పని నుంచి వచ్చిన ఆడవాళ్లు చీరలు దోపుకుని దిగేవారు. మా నానమ్మ కూడా మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లాడిస్తూ కేకలేసేది. ఊళ్లో అంత నవ్వు నేను అంతకుముందు వినలేదు.

ఆ తర్వాత మా ఉద్దానంలో ఇంటింటినీ పట్టిన కిడ్నీ జబ్బు ఆయన్నీ పట్టింది. డయాలసిస్‌కి విశాఖ తిప్పేవారు. మెడ దగ్గర గొట్టం పెట్టారు, తడి తగలకూడదన్నారు. తాగే నీళ్లకీ కొలతే.

"సముద్దరం ఈదినోడిని, గుక్కెడు నీరు అడుక్కుంతన్నాను సూడు. ఒక్కపాలి నన్ను నూతిలో దింపండే" అన్నాడు, చూడ్డానికి వెళ్తే.

"నయమయ్యాక ఇద్దరం దిగుదాం మావా" అన్నాను. అది జరగదని ఇద్దరికీ తెలుసు.

కర్మ అయిన మర్నాడు ఒక్కదాన్నే నూతిలో దిగాను. గట్టున మేకుకి ఆ ఎండుకాయలు వేలాడుతున్నాయి. వెల్లకిలా పడుకున్నాను. పైన కొబ్బరాకుల మధ్య కాస్త ఆకాశం. ఈత మరిచిపోలేదు, మునగనని తెలుసు. అయినా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మావా, సెయ్యి తియ్యకు."