పొయ్యి ముందు అగరుబత్తి పట్టిన మా చిన్నాయన

మీ ఇంట్లో పొగ మింగే మనిషి ఎవరో మీకు తెలుసు. తెలిసే, ముందుగదిలో కూర్చొని ఇంకో టీ అడుగుతున్నారు. కాదంటారా? అయితే చెప్పండి, మీ వంటింటి పొగ ఏ దారిన బయటికి పోతుంది? అసలు పోతుందా?

రెండేళ్ల కిందటి దాకా నాకూ తెలియదు. నన్ను ఈ ప్రశ్న ముందు నిలబెట్టిన మా చిన్నాయన పోయిన ఆదివారం పొద్దున, ఇల్లందులో తన ఇంటి అరుగు మీద, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయాడు. అక్క ఫోన్ చేసి "చిన్నాయన పోయిండురా" అంది. తర్వాత "పొయ్యి ఆర్పి బయల్దేరుతున్న" అంది. ఆ రెండో మాటకే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెబుతాను.

చిన్నాయన బొగ్గుగనిలో గాలి పని చేశాడు. లోపల తవ్వేవాళ్లకు మంచి గాలి అందుతోందా, అడ్డుగోడల్లో ఎక్కడైనా సందు పడి గాలి దారి తప్పుతోందా చూడటం ఆయన ఉద్యోగం. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి, అరచెయ్యి చాపి, గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూసుకునేవాడు. నా పెళ్లిచూపుల్లోనూ అంతే. వాస్తు చూస్తున్నాడనుకొని మా మామగారు కంగారుపడి మంచం జరిపించారు.

అక్క ఉండేది ఇల్లందు దాటి, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. రెండేళ్ల కింద ఆ పల్లెలో ఇంటింటికీ పెల్లెట్ పొయ్యిలు పంచారు. పత్తికట్టె, రంపప్పొట్టు నొక్కి చేసిన గుళికలతో మండే ఇనుప పొయ్యి. పైన మూత, వెనక పొగగొట్టం. పొగే రాదన్నారు. నెల తిరగకముందే ఇల్లంతా పొగ. అక్కకు అప్పటికే దగ్గు. మాట మధ్యలో ఆపి గోడ పట్టుకునేంత దగ్గు. దవాఖానాలో పొగకు దూరంగా ఉండమన్నారు. వంట ఎవరు చేయాలో మాత్రం చెప్పలేదు.

గ్యాస్ ఉంది కదా అంటారు మీరు. ఉంది, చుట్టాలొస్తే టీ పెట్టడానికి. సిలిండర్ ఎప్పుడొస్తుందో తెలియని పల్లెలో ఎవరైనా అట్లాగే దాచుకుంటారు. ఇక ఈ ఇనుప పొయ్యిని కొట్టంలో పడేసి మళ్లీ మూడు రాళ్లు పెట్టి కట్టెలు మండిస్తానంది అక్క. ఆ దగ్గుతో ఆ పొగలోకి వెళితే అక్క మాకు దక్కదని నా భయం.

అప్పుడు నేను ఖమ్మం నుంచి ఇల్లందుకు ఊరికే రాలేదు. పొయ్యిలు పంచినవాళ్లను కడిగేస్తూ ఒక వ్యాసం సగం రాసుకొని వచ్చాను. చిన్నాయనకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"మంచిగనే తిట్టినవ్. పొయ్యి ముందట కూసున్నవా?"

లేదన్నాను.

"మరి ఎవల్ని తిట్టాల్నో నీకెట్ల తెలిసింది? లే, పోదాం."

అక్క ఇంట్లో ఆయన మొదట చేసిన పని, దేవుడి గూట్లోంచి అగరుబత్తి తీయడం.

"అయ్యో, దేవునికి పెట్టేది పొయ్యికి పెడతవా చిన్నాయనా?" అంది అక్క.

"దేవునికి ఏం లీకు లేదు గద బిడ్డా."

తలుపు, కిటికీ మూయించాడు. గుళికలు వేసి మంట పెట్టించాడు. నాలుగడుగులు నడిస్తే ఆయనకే ఆయాసం, గని ఇచ్చిందే. అందుకని పీట మీద కూర్చొని, అగరుబత్తిని మూత చుట్టూ, గొట్టం అతుకుల వెంట, మెల్లగా తిప్పాడు. "నన్ను జూడకురా, పొగను జూడు. లోపలికి గుంజితే ఆడ సందు ఉన్నట్టు. బయటికి నూకితే పొయ్యికి ఊపిరాడనట్టు." మూత దగ్గరికి రాగానే అగరుబత్తి పొగ ఎవరో ఊదినట్టు మా ముఖాల మీదికి వంగింది.

"ఈ మూత సుట్టూ సందు మూసే తెల్ల తాడు ఉండాలె. ఏదే?"

అక్క నాలిక కరుచుకుంది. డబ్బాతో వచ్చిన కట్టుతాడు అనుకుని ఎప్పుడో లాగేసింది. అది వాకిట్లో మేకపిల్ల మెడలో ఉంది.

అసలు సంగతి అది కాదు. చిన్నాయన వంగి పొయ్యి అడుగున వేలితో గోకాడు. ఎండిన మట్టి పెచ్చు ఊడింది. దాని కింద గుండ్రటి రంధ్రం. గాలి లోపలికి వెళ్లాల్సిన రంధ్రం. చుట్టూ అన్నీ అంతే. శుక్రవారం శుక్రవారం అక్క ఆ ఇనుప పొయ్యిని కూడా ఎర్రమన్ను, పేడతో అలికి ముగ్గు పెడుతోంది. అమ్మ నేర్పిన పని. ఒక్క అక్కే కాదు, పల్లెలో ఆడవాళ్లందరూ అదే చేస్తున్నారు. పొయ్యి తెచ్చినవాళ్లు సంతకాలు పెట్టించుకున్నది మగవాళ్లతో. అలికే చేతులకు ఒక్క ముక్క చెప్పలేదు.

"ముక్కు మూసి, నోట్లకెళ్లి పొగొస్తుందంటే ఎట్లనే?" అని చిన్నాయన పడీ పడీ నవ్వాడు. అక్క నవ్వింది, దగ్గింది, మళ్లీ నవ్వింది.

నేనైతే అలకడం మానమని ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. ఆయన అట్లా చేయలేదు. రంధ్రాలన్నీ తెరిచి, ప్రతిదాని చుట్టూ పసుపు బొట్లు పెట్టించాడు. "మిగిలింది మంచిగ అలుకు. బొట్టున్న కాడ చెయ్యి పెట్టకు." బొట్టు మీద పేడ పూసే ఆడమనిషి ఆ పల్లెలో లేదు. తాడు మూతకెక్కింది, మేకపిల్లకు వేరే తాడు దొరికింది.

మిగిలింది గొట్టం. నిండా మసి. చిన్నాయన బావను ఇంటి కప్పు ఎక్కి తీయమంటే, "గది ఆడోళ్ల పొయ్యి, నాకేంది?" అన్నాడు. బావ కూడా గని కార్మికుడే.

"అల్లుడా, నువ్వు దిగే గనిల గాలి ఆగితే ఏం జేస్తరు?"

"పని బందు వెట్టి అందర్ని పైకి తెస్తరు."

"మరి నీ పెండ్లాన్ని ఎవలు పైకి తెస్తరు?"

బావ లేచి వెళ్లి నిచ్చెన తెచ్చుకున్నాడు.

ఆ ఒక్క ప్రశ్న ముందు నా వ్యాసం చిత్తుకాగితం. ఇప్పటికీ నాకు కోపమే. పొయ్యి ఇచ్చి వెనక్కి తిరిగి చూడనివాళ్ల మీద కోపం, ఆ పొయ్యి ముందు ఒక్కసారీ కూర్చోని మన మీద అంతకంటే ఎక్కువ. అయితే ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. తిట్టే ముందు అగరుబత్తి వెలిగించాలి.

అక్క దగ్గు పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు మాట మధ్యలో ఆగదు, గోడ పట్టుకోదు. ఆదివారం ఫోన్లో అక్క ఆర్పి వస్తానన్నది చిన్నాయన బాగుచేసిన ఆ పొయ్యినే. మూడోనాడు చిన్నాయన పేర పిట్టకు ముద్ద పెట్టే కర్మ ముగించి, అక్కను పల్లెలో దింపడానికి వెళ్లాను. కాళ్లు కడుక్కుంటుండగానే పక్కింటి కోడలు వచ్చింది. "వదినా, మా పొయ్యి మళ్ల పొగొస్తుంది." అక్క గూట్లోంచి అగరుబత్తి తీసింది. వాళ్లింట్లో తలుపు మూసి, పీట మీద కూర్చొని, మూత చుట్టూ మెల్లగా తిప్పింది. ఆ చెయ్యి తిరిగిన తీరు అచ్చం చిన్నాయనదే. పొగ వంగింది. "దొరికింది" అంది అక్క.

ఇక మన సంగతి. ఆయన పేరు మీద నేను అడిగేవి ఇవి:

పొయ్యి ఇచ్చేవాళ్లు, వండే మనిషిని ముందు కూర్చోబెట్టి నేర్పాలి. సంతకం ఆమెదే కావాలి.

మూత తాడు, గొట్టం ముక్కలు మండల కేంద్రంలో ఎప్పుడూ దొరకాలి.

ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరు ఇంటికొచ్చి పొగ లీకు చూడాలి. ఆ పని పల్లె ఆడవాళ్లకే ఇచ్చి, జీతం ఇవ్వాలి.

గొట్టం మసి ఇంటి మగవాడు తీయాలి.

గ్యాస్ సిలిండర్ అడవి పల్లెకూ చెప్పిన రోజున రావాలి.

మీరు ఈ కాగితం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లాలి. తలుపు మూసి, ఒక అగరుబత్తి వెలిగించి, అన్నం ఉడికేదాకా పొయ్యి ముందు కూర్చోవాలి. పొగ ఎటు వంగుతుందో చూడాలి.