తెల్ల సీటు మీద వంకాయ రంగు

చెకింగమ్మ అంటే ఆ దారిలో బస్సెక్కే ప్రతివాళ్ళకీ తెలుసు. ఆమెని అసలు పేరుతో పిలిచేవాడు తండ్రి ఒక్కడే. ఆయన పోయి ఏడాదయింది. టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో చాలాకాలం ఉండేసరికి ఆమె చూపే మారిపోయింది. ఎవరైనా కిటికీలోంచి మరీ శ్రద్ధగా బయటకు చూస్తున్నారంటే టికెట్టు కొనలేదని లెక్క. అడక్కముందే జేబు తడుముకుంటున్నారంటే అది నిన్నటి టికెట్టని లెక్క. ఈ లెక్కల్ని యూనిఫాంతో పాటు విప్పి వంకెకు తగిలించడం ఆమెకు చేతకాలేదు. ఇంట్లో పాలగిన్నె మీద మూత కాస్త పక్కకు జరిగి ఉంటే ఆమె చూసేది మూతని కాదు, మనుషుల మూతుల్ని.

ఒకసారి సొంత అత్తగారే బస్సులో తగిలారు. టికెట్టు అడిగితే ఆవిడ సంచి వెతికారు, కొంగు వెతికారు, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి సంచి వెతికారు. "కొన్నానమ్మాయ్, ఇక్కడే ఎక్కడో పెట్టాను" అన్నారు. రోజూ అందరూ చెప్పే మాటే అది. బస్సంతా చూస్తుండగా చెకింగమ్మ అత్తగారికి జరిమానా రాసి చేతికిచ్చింది. ఆ సంగతి డిపోలో కొన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. ఇంట్లో మాత్రం ఎవరూ ఎత్తలేదు. అత్తగారికి ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. బస్సు మెట్లు ఎక్కలేనన్నారు, ఇక ఎక్కలేదు.

చెకింగమ్మకు ప్రాణమైన వస్తువు ఒకటుంది. అది ఆమె సైకిలు సీటు. తండ్రి తోలు పనివాడు. చివరి రోజుల్లో, వేళ్ళు సరిగా వంగని స్థితిలో, కూతురి కోసం తెల్లతోలు సీటు ఒకటి కుట్టాడు. సీటు ముందుకొసన, ముక్కు దగ్గర, కుట్లు కాస్త వంకరపోయాయి. "తెలుపెందుకు నాన్నా, మాసిపోదూ?" అని ఆమె అడిగితే, "మాస్తేనే కదే నువ్వు తుడుస్తావు, తుడిస్తేనే కదా తోలు బతుకుతుంది" అన్నాడు. ఎలా తుడవాలో కూడా చూపించాడు. నీళ్ళు పొయ్యకూడదు, సబ్బు నురగ మాత్రమే తడిగుడ్డకి రాసి మెల్లగా అద్దాలి. నీడలో ఆరబెట్టి, ఆరాక తెల్ల క్రీము పట్టించాలి.

ఆ సీటు మీద ఒకరోజు వంకాయ రంగు మరక కనిపించింది.

ఉదయం డ్యూటీ ఉంటే ఆమె డిపోకి సైకిలు మీదే వెళ్తుంది. మధ్యాహ్నం డ్యూటీ ఉంటే డిపో వ్యాను వచ్చి తీసుకెళ్తుంది, సైకిలు పెరట్లోనే ఉంటుంది, తాళంచెవి వంటింటి మేకుకి వేలాడుతుంటుంది. ఆమె వేసుకునేవి ఖాకీ బట్టలు. ఖాకీకి వంకాయ రంగు రాదు. అంటే తను వ్యానులో వెళ్ళిన రోజున ఇంట్లో ఎవరో ఆ సీటెక్కారు. అడక్కుండా ఎక్కారు. ఎక్కి, దిగి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

మామూలు ఇంట్లో అయితే రంగుని బట్టి దొంగ దొరికిపోయేవాడు. ఈ ఇంట్లో అది కుదరదు. వెలిసిన బట్టేదైనా సరే అత్తగారు పారెయ్యనివ్వరు. అన్నీ పోగేసి ఒకే బకెట్టులో, ఒకే పొట్లం రంగులో ముంచి తీస్తారు. ఎప్పుడూ అదే వంకాయ రంగు. అందువల్ల భర్త ప్యాంట్లదీ, ఆడపడుచు లంగాలదీ, అత్తగారు ఇంట్లో వేసుకునే గౌన్లదీ ఒకటే రంగు. పైగా రంగు నిలవడానికి ఉప్పు వెయ్యమని చెకింగమ్మ అంటే, ఉప్పేస్తే బట్ట బిరుసెక్కుతుందని ఆవిడ వాదన. కూర్చున్న చోటల్లా రంగు దిగుతూనే ఉంటుంది. ఇంట్లో కుర్చీలు ఎప్పుడో ఆ రంగుకి అలవాటుపడిపోయాయి.

కంగారులో చెకింగమ్మ మొదట స్పిరిటుతో రుద్దింది. మరక సగం పోయింది, దాంతో పాటు తోలు మీది మెరుపూ పోయింది. తండ్రి చెయ్యి మీద తనే గీరినట్టు ఆమె మనసు చివుక్కుమంది. తర్వాత బుద్ధిగా నురగతో అద్దింది, తెల్ల రబ్బరుతో మెల్లగా చెరిపింది, క్రీము రాసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేసింది.

"ఎవరో నాకు తెలీదు. దొరికితే మాత్రం ఆ మనిషితో ఒక కప్పు కింద ఉండను. వాళ్ళైనా పోవాలి, నేనైనా పోవాలి."

భర్త రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. మాట్లాడేదానికంటే ఆవలించేది ఎక్కువ. "సీటేగా, తుడిస్తే పోతుంది" అన్నాడు.

"మీరు మాట్లాడకండి. మీ మీద అనుమానం ఇంకా తీరలేదు."

ఆడపడుచు సినిమాహాల్లో టికెట్లమ్ముతుంది. వదిన మాట విని పళ్ళెం పక్కకు నెట్టింది. "ఏం వదినా, ఈ ఇంట్లో కాఫీ తాగాలన్నా టికెట్టు చూపించాలా? చెప్పు, హాల్లోంచి ఒక కట్ట తెచ్చి అందరికీ తలా ఒకటి చించిస్తా."

అత్తగారు తలెత్తకుండా పెరుగు కలుపుకుంటూ, "పోనీలెండి, తినండి" అన్నారు.

వారం తిరక్కుండా మరక మళ్ళీ వచ్చింది. ఈసారి చెకింగమ్మ తుడిచే ముందు దాన్ని బాగా చదివింది. భర్త ఎక్కితే కుట్లలో పిండి దూరేది. ఆయన ఎక్కడ కూర్చున్నా పిండి రాల్చకుండా లేవడు. కుట్లలో పిండి లేదు. ఆయన్ని వదిలేసింది. పైగా మరక సీటు వెనక భాగంలో లేదు, ముక్కు దగ్గరే ఉంది, సరిగ్గా తండ్రి కుట్లు వంకరపోయిన చోట. తీరిగ్గా కూర్చునే మనిషి కాదు, అంచుమీద వేలాడుతూ హడావిడిగా తొక్కే మనిషి. హాలుకి ఆలస్యమైన మనిషి. ఇంకెవరు, ఆడపడుచే. తాళంచెవి ఏది అని ఊరికే అడిగి చూసింది. "మేకుకే ఉంది" అని ఆ పిల్ల చటుక్కున చెప్పింది. చెకింగమ్మకు అదీ సాక్ష్యమే అయింది. అంత చటుక్కున ఎలా తెలుసు?

ఆ తర్వాత వచ్చిన మధ్యాహ్నం డ్యూటీ రోజున ఆమె యూనిఫాం వేసుకుని అందరికీ వినబడేలా "వెళ్ళొస్తా" అని వ్యానెక్కింది. మలుపు తిరగ్గానే, కడుపులో బాగాలేదని డ్రైవరుకి చెప్పి దిగిపోయింది. ఇంటి వెనక కలప అడితి గోడ వెంట ఒక సందుంది, మనుషులు పెద్దగా నడవరు. పెరటి తలుపు ఆ సందులోకే తెరుచుకుంటుంది. పేర్చిన దుంగల వెనక నిలబడి, ఆడపడుచుకి ఏమేం చెప్పాలో, సామాను ఎవరు సర్దుకోవాలో మాటలు కూర్చుకుంది.

పెరటి తలుపు తెరుచుకుంది. ముందు చక్రం వచ్చింది. తర్వాత హాండిలు. దాని వెనక, వంకాయ రంగు గౌను మోకాళ్ళదాకా ఎగదోపుకుని, అత్తగారు.

ఆవిడ గోడ పట్టుకుని సీటెక్కారు. పొట్టి మనిషి. కాళ్ళు అందక ముక్కు మీదికి జారి, అక్కడే కూర్చుని తొక్కడం మొదలెట్టారు. సైకిలు ఒకసారి గోడని పలకరించి, ఒకసారి దుంగల్ని పలకరించి, మొత్తానికి ముందుకే వస్తోంది. నొప్పులన్న మోకాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి.

చెకింగమ్మ దుంగల వెనకనుంచి దారిలోకి వచ్చింది.

"తప్పుకో అమ్మాయ్, నాకు ఆపడం రాదు" అన్నారు అత్తగారు.

చెకింగమ్మ తప్పుకుని ఊరుకోలేదు. పక్కకు జరిగి, సీటు వెనక అంచుని రెండు చేతులా పట్టుకుని, నాలుగడుగులు పరిగెత్తి ఆపింది. ఇద్దరూ రొప్పుతున్నారు.

"ఆపడం రాకుండానే ఎక్కారా?"

"ఎక్కడం వచ్చాక ఆపడం నేర్చుకుందామనుకున్నా."

"నన్నడగొచ్చుగా, అత్తయ్యా. అసలు ఈ వయసులో సైకిలెందుకు మీకు?"

అత్తగారు దిగలేదు. ముక్కు మీదే కూర్చుని, గౌను కిందికి లాక్కున్నారు. "మా అక్క ఇంటికి వెళ్ళాలంటే ఏదో ఒకటి ఎక్కాలి కదా. బస్సెక్కితే మళ్ళీ నువ్వెక్కుతావేమోనని భయం."

చెకింగమ్మ చేతులు సీటు మీదే ఉన్నాయి. వేళ్ళకి కొంచెం రంగు అంటింది.

"ఆనాటి టికెట్టు తర్వాత దొరికింది" అన్నారు అత్తగారు, హాండిలు వంక చూస్తూ. "కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని మరిచిపోయా. నీకు చూపిద్దామనుకున్నా. చూపిస్తే ఇది ఎప్పటిది అంటావని దాచుకున్నా. తెమ్మంటావా?"

అది ఏ రోజుదో, నంబరు సరిపోతుందో లేదో చూడాలని చెకింగమ్మ కళ్ళు అప్పుడు కూడా లాగాయి. ఆ లాగుడు తనకే తెలిసి సిగ్గేసింది.

"వద్దు. నాకు చూపించకండి."

అడితిలో రంపం ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఒక కప్పు కింద ఉండనన్నావు. సామాను ఎప్పుడు సర్దుకోమంటావు?" అత్తగారి గొంతులో ఎగతాళి ఉందో లేదో చెకింగమ్మకు పోల్చుకోవడం చేతకాలేదు.

"ముందు ఆపడం నేర్చుకోండి. తర్వాత చూద్దాం. దిగండి, సీటు కిందికి దించుతాను. అందని సీటెక్కి మా నాన్న కుట్ల మీద వేలాడుతున్నారు."

స్పానరు తెచ్చి సీటు దించింది. ఎక్కించి, వెనక పట్టుకుని పరిగెత్తింది. బ్రేకు నొక్కమంటే అత్తగారు గంట నొక్కారు. మళ్ళీ మొదటినుంచి. ఆ తర్వాత ఇద్దరూ పెరటి మెట్టు మీద కూర్చుని మరక తుడిచారు. కోడలు నురగ అద్దింది, అత్తగారు క్రీము రాశారు. ముక్కు దగ్గర కుట్ల సందుల్లో సన్నటి వంకాయ ఛాయ మిగిలింది. చెకింగమ్మ గుడ్డ మళ్ళీ తీసుకోబోయి, మానేసింది.

రాత్రి భర్త ఆవలిస్తూ అడిగాడు. "దొంగ దొరికాడా?"

"లేదు" అంది చెకింగమ్మ. ఆడపడుచు వైపు తిరిగి, "నువ్వు కాదు. నిన్ను అనుమానించా, తప్పు నాదే, ఏమనుకోకు" అంది.

ఆడపడుచు ముద్ద ఆపి, వదిన వైపు ఎగాదిగా చూసింది. "ఏం వదినా, ఒంట్లో బాగానే ఉందా? నాకు నీ మీద అనుమానంగా ఉంది."

అత్తగారు తలెత్తకుండా పెరుగు కలుపుకున్నారు.

ఆ నెల మళ్ళీ రంగు బకెట్టు పెట్టిన రోజున, అత్తగారు లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఎవరో అందులో గుప్పెడు ఉప్పు వేశారు. అడుగున ఇంకా కరగని పలుకులు కనబడుతూనే ఉన్నాయి. ఆవిడ కర్రతో రెండుసార్లు కలిపారు. ఎవరు వేశారని ఎవరినీ అడగలేదు.